పదకొండు పేజీల నవల

జూన్ 9, సోమవారం

నవల ముందుకు సాగనప్పుడు రచయిత డైరీ రాయాలని ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తు లేదు. బహుశా నేనే అనుకుని ఉంటాను. ఏమైనా, ఈ రోజు నుంచి డైరీ.

భావితరాల పరిశోధకుల సౌకర్యార్థం వివరాలు: పేరు నిరంజన్. వయసు ఇరవై ఐదు. చదువు బి.కాం., అందులో ఒక సబ్జెక్టు మూడుసార్లు. నివాసం సూరత్, లింబాయత్. ఉద్యోగం ఏప్రిల్ పద్దెనిమిది దాకా ఉండేది. రింగ్ రోడ్డు మార్కెట్‌లో ఒక చీరల సేఠ్ దగ్గర, ఆన్‌లైన్‌లో అమ్మే చీరలకు వర్ణనలు రాసేవాణ్ణి. రోజుకు నలభై చీరలు. "సాయంసంధ్యను కొంగున ముడుచుకున్న జార్జెట్" నాదే. కడిగిన మొదటిసారికే సంధ్య దిగిపోయి చీకటి పడిందని కొన్నావిడ తిరిగి పంపింది. అది రంగులవాళ్ల తప్పు, నాది కాదు.

ఏప్రిల్‌లో సేఠ్ తన ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నాడు. అది నలభై చీరల్నీ నిమిషంలో వర్ణిస్తుంది, మధ్యలో చాయ్ అడగదు. నన్ను పిలిచి మిఠాయి డబ్బా ఇచ్చాడు. మిఠాయి మాత్రం మంచిది.

అప్పటి నుంచి నవల రాస్తున్నాను. విషయం: మానవ జీవితం.

జూన్ 10, మంగళవారం

బాపు, అంటే మా నాన్న సంగతి రాయకపోతే ఈ డైరీ ఎందుకు మొదలైందో నాకే అర్థం కాకుండా పోతుంది.

జూన్ ఒకటిన, ఆదివారం, అందరం అన్నానికి కూర్చున్నాం. చిన్నవ్వ మొదలుపెట్టింది. బాపుకు చిన్నమ్మ అవుతుంది, మాతోనే ఉంటుంది. ఇంట్లో ఎవరు ఏం చేయడం లేదో లెక్క చూసే బాధ్యత ఆమెది.

"పొద్దంత తలుపేసుకొని ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"నవల రాస్తున్న చిన్నవ్వా."

"అయిందా?"

"అయితున్నది."

అక్కడితో ఆగేది. కానీ బాపు కంచంలోంచి తలెత్తి నా మొహం వైపు చూశాడు. "మొత్తం ఎన్ని పేజీలు?"

"రెండువందల నలభై." ఎందుకన్నానో తెలియదు. గుండ్రంగా ఉందని.

"రోజుకెన్ని దిగుతయ్?"

"ఎనిమిది."

బాపు ఫ్యాను వైపు చూశాడు. పెదవులు కొంచెం కదిలాయి. "ముప్పై రోజులు. లైట్ పోవుడు, పానం బాగలేకపోవుడు గిట్ల నాలుగు రోజులు ఏస్కో. జులై అయిదుకు దిగుతది."

నేను నవ్వాను. బాపు నవ్వలేదు. తేదీల విషయంలో ఆయన నవ్వడు. ఆయన ముప్పై ఏళ్లుగా సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే మనిషి. సాంచా వెనక దారం చుట్టిన బీము ఎక్కించగానే పొడవు చూస్తాడు, రోజుకు ఎన్ని మీటర్లు నేస్తుందో చూస్తాడు, బట్ట ఏ రోజు దిగుతుందో చెప్తాడు. ఆ రోజే దిగుతుంది. పూట కూడా తప్పదు. ఎక్కించిన బీము దిగకుండా ఉండటం అనేది ఆయన ఎన్నడూ చూడలేదు.

నిజానికి ఎన్ని పేజీలయ్యాయో ఇక్కడ రాయను. ఇది నా సొంత డైరీ. నాకూ కొన్ని రహస్యాలుండాలి.

జూన్ 12, గురువారం

వర్షం. ఏమీ రాయలేదు. ఒక సీరీస్ రెండు సీజన్లు చూశాను. హంతకుడు వంటవాడేనని రెండో ఎపిసోడ్‌లోనే చెప్పాను. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు, అందరూ పనులకు పోయారు.

జూన్ 15, ఆదివారం

ఘోరం జరిగింది.

బాపు ఇక్కడి తెలుగువాళ్ల సమాజ్ మీటింగుకు పోయి వచ్చాడు. జులై ఆరున, ఆదివారం, మన వాళ్ల వార్షికోత్సవం. ప్రెసిడెంట్ పరమేశ్వర్ సేఠ్. ఐటమ్ నంబర్ ఏడు: "శ్రీ అంబదాస్ గారి కుమారుడు చిరంజీవి నిరంజన్ రచించిన నవల ఆవిష్కరణ." ప్యాంప్లెట్లు అచ్చుకు పోయాయట. ఆవిష్కర్త హజీరాలో పెద్ద ఇంజనీరు, మురళీగారు. ఆంధ్ర ఆయన. చక్కటి తెలుగు మాట్లాడతాడని ఆయనను పెట్టారు.

"బుక్కు అచ్చు ఎట్ల బాపూ, అంత జల్ది?"

"జిరాక్స్ దీసి, స్ప్రింగ్ ఏపిస్తడట పరమేశ్వర్ సేఠ్. అయిదున దిగుతది గద. పొద్దుగాల ఇస్తే రాత్రికి అయిపాయె."

అమ్మ దేవుడి ముందు దీపం పెట్టింది. మామూలుగా ఆదివారం పెట్టదు.

జూన్ 16, సోమవారం

రేపు చెప్పేస్తాను.

జూన్ 17, మంగళవారం

బాపుకు పంటి నొప్పి. ఇలాంటప్పుడు చెప్పడం మానవత్వం కాదు.

జూన్ 18, బుధవారం

పన్ను తగ్గింది. చాలా హుషారుగా ఉన్నాడు. ఇలాంటప్పుడు చెప్పడం కూడా మానవత్వం కాదు.

జూన్ 19, గురువారం

ఊరి బయట సచిన్‌లో ఇంటర్వ్యూ. రంగుల కెమికల్ ఫ్యాక్టరీ. వచ్చిన సరుకు, పోయిన సరుకు కాగితాల మీద ఎక్కించే పని. బస్సు దిగగానే గాలి పసుపు వాసన వేసింది, రంగు కూడా అదేనేమో. ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో కూర్చున్నాయన అడిగాడు:

"రెండు నెలల నుంచి ఏం చేస్తున్నావ్?"

"నవల రాస్తున్నాను సర్."

"అయితే ఉద్యోగానికి టైమ్ ఉంటదా?"

ఉంటుంది అనాలి. నేను ఒక క్షణం ఆలోచించాను. ఆయన ఆ క్షణాన్ని కాగితం మీద రాసుకున్నాడు.

తిరుగు బస్సులో ఒక సత్యం తోచింది. ఉద్యోగం ఎందుకు లేదురా అంటే నవల రాస్తున్నా అంటాను. నవల ఎందుకు కాలేదురా అంటే ఉద్యోగం వెతుకుతున్నా అంటాను. రెండు గోడలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. మధ్యలో నేను పడుకున్నాను. ఒక్కటి తీసినా రెండూ నా మీదే.

ఇది నవలలో వాడుకోవాలి.

జూన్ 22, ఆదివారం

చెల్లె స్పందన బలవంతం మీద డుమస్ పోయాం. వాన మబ్బు, బురద సముద్రం, సూరత్ సగం జనం అక్కడే. టమాటా భజియాలు తిన్నాం. ఆమె నర్సింగు చదువుతోంది కాబట్టి నూనె గురించి చెప్పింది, చెప్తూనే రెండో ప్లేటు తెప్పించింది.

"అన్నా, జులై అయిదుకు దిగుతదా?"

"ఏది?"

"నకరాలు జేయకు. నీ ల్యాప్‌టాప్‌ల ఫైల్ జూసిన. పదకొండు పేజీలు."

భజియా గొంతుకు అడ్డం పడింది. వీపు మీద గుద్దింది, నర్సింగు పద్ధతిలో కాదు.

"మూడేండ్ల కింద తారీఖున్నది దాని మీద. ఉద్యోగం పోకముందు నుంచీ పదకొండేనా?"

"నాణ్యమైన పదకొండు."

ఆమె నవ్వలేదు. సముద్రం వైపు చూస్తూ, "బాపు కొత్త అంగీ కుట్టియ్యనీకి ఇచ్చిండు. తెల్సా నీకు? నా పదోతరగతి ఫంక్షనుకు గూడ కుట్టిచ్చుకోలే," అంది. "కార్ఖానాల అందరికి చెప్పిండట. ఇండ్లిండ్లు దిరిగి పిలుస్తుండు. స్టేజి మీదికి పిలిచి, బుక్కు ఏది అంటే ఏం జేస్తడు? నువ్వైతే ఏదో జోక్ జేసి తప్పించుకుంటవ్. ఆయనకు జోకులు రావు."

నేను ఒక జోక్ చేశాను. ఏమిటో ఇక్కడ రాయను. బాగాలేదు.

జూన్ 25, బుధవారం

ఫోన్ మోగింది. "నమస్కారమండీ, నిరంజన్ గారేనాండీ? నేను మురళీని, హజీరా నుంచి. మీ నవల ఒక ప్రతి ముందుగా పంపిస్తే చదువుకుని వస్తానండీ. ఏదో నాలుగు మాటలు మాట్లాడాలి కదా."

తుది మెరుగులు దిద్దుతున్నానని చెప్పాను. "అబ్బే, తొందరేం లేదండీ," అన్నాడు. ఆ మాటలో ఏదో సంతోషం వినపడింది. నా భ్రమ కావచ్చు.

జూన్ 27, శుక్రవారం

లెక్క: రెండువందల ఇరవై తొమ్మిది పేజీలు, ఎనిమిది రోజులు. రోజుకు ఇరవై ఎనిమిదిన్నర. చీరలైతే రాసి పారేసేవాణ్ణి.

పొద్దున్నించి కూర్చుని పన్నెండో పేజీ రాశాను. సాయంత్రం చదివితే అందులో మానవ జీవితం కొంగున ముడుచుకుని ఉంది. చెరిపేశాను.

జూన్ 30, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున బాపు పోయాక నాకు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. నిజం చెప్పాలి, కానీ ఆయన వినే అవసరం లేని చోట చెప్పాలి. జోల్వాలో బాపు పనిచేసే కార్ఖానాలో యాభై సాంచాలు ఒకేసారి కొట్టుకుంటాయి. అక్కడ చెవి పక్కన పటాకీ పేల్చినా తెలియదు. అక్కడికి పోయి, ఆయన ముందు నిలబడి, స్పష్టంగా, పూర్తిగా ఒప్పుకుంటాను. ఒప్పుకోవడం నా ధర్మం. వినడం, వినకపోవడం ఆయన అదృష్టం. మనస్సాక్షి శుభ్రం.

బి.కాం. చదివినవాడి తెలివి అది.

షేరింగ్ ఆటోలో పోయాను. లోపల అడుగుపెట్టగానే చప్పుడు పళ్లలోకి ఎక్కింది. బాపు తన వరసలో అటూ ఇటూ నడుస్తున్నాడు. నన్ను చూసి ఏమైందన్నట్టు కళ్లెగరేశాడు. అటువైపు వరస బక్కయ్య కాకది, మా గల్లీలోనే ఇల్లు. వెనక లింగం, ఇంకా నలుగురు.

బాపుకు ఎదురుగా నిలబడి, మామూలు గొంతుతో, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. "బాపూ, నవల లేదు. పదకొండు పేజీలే ఉన్నయ్. మూడేండ్ల నుంచి పదకొండే. నీకు అబద్ధం చెప్పిన."

నా మాట నాకే వినపడలేదు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. వెనక్కి తిరగబోయాను.

బాపు చెయ్యి సాంచా మీద ఆగి ఉంది. కళ్లు నా నోటి మీద ఉన్నాయి. ఆయన పెదవులు కదిలాయి. చప్పుడు లేదు, కానీ నాకు అర్థమైంది.

"పదకొండా?"

నా వెనక ఎవరో భుజం తట్టారు. లింగం. పది వేళ్లు చూపించి, మళ్లీ ఒక వేలు చూపించి, నిజమేనా అన్నట్టు తల ఊపాడు. అటు వరసలోంచి బక్కయ్య కాక మూడు వేళ్లెత్తి, నోరు పెద్దగా తెరిచి అడిగాడు: "మూడేండ్లా?"

ముప్పై ఏళ్లు ఈ చప్పుడులో నిలబడ్డవాళ్లకు మాట్లాడుకోవడానికి గొంతు ఎందుకు? కూరేంటి, ఎవరి బిడ్డకు సంబంధం కుదిరింది, సూపర్‌వైజర్ ఎంత వెధవ, అన్నీ పెదవుల మీదే. చిన్నప్పుడు ఒకసారి వచ్చినప్పుడు చూసి, అందరూ ఏదో నములుతున్నారనుకున్నాను. ఇంట్లో బాపు ఎప్పుడూ నా నోటి వైపు చూస్తూ మాట వింటాడు. అది ప్రేమ అనుకున్నాను. ఈ సాంచాల తిండి తిని పెరిగి, బహిరంగ సభలో మైకు పట్టుకుని చెప్పినట్టు చెప్పి, రహస్యం అనుకున్నాను.

పక్క సాంచాలో పోగు తెగింది. బాపు వంగి ముడి వేశాడు. మళ్లీ లేచి, చేత్తో పొమ్మన్నాడు.

సాయంత్రం ఏడున్నరకు షిఫ్టు దిగి అందరూ వచ్చారు. ఎనిమిదింటికి నేను కొత్తిమీరకు పోతే బక్కయ్య కాక భార్య భాగ్యలక్ష్మి పిన్ని బండి దగ్గర నిలబడి ఉంది. "పదకొండేనట గద?" అంది. కొత్తిమీర అమ్మే ఆయన కూడా నా వైపు జాలిగా చూసి, రెండు మిరపకాయలు ఎక్కువ వేశాడు.

సిగ్గు పడాలి. పడ్డాను కూడా. కానీ నిజం రాయాలంటే, సిగ్గు కింద ఇంకోటి ఉంది. ఇక ఎవరికీ నేను చెప్పనక్కర్లేదు.

జులై 1, మంగళవారం

బాపు మాట్లాడలేదు. నా మొహం వైపు కూడా చూడలేదు. అంటే నేను మాట్లాడినా వినడన్నమాట.

జులై 2, బుధవారం

మాట్లాడలేదు. అమ్మ మాత్రం, "ముప్పై పేజీలన్నా ఉంటే బాగుండు గదరా," అంది. దర్జీ అంగీ పంపాడు. బాపు కవరు విప్పలేదు.

జులై 3, గురువారం

షిఫ్టు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, "నడువ్," అన్నాడు. మూడు రోజుల్లో మొదటి మాట. పరమేశ్వర్ సేఠ్ దుకాణానికి పోయాం. దారంతా నేను ఆయన వెనక నడిచాను.

సేఠ్ కూర్చోమన్నాడు. బాపు కూర్చోలేదు. "సేఠ్, ఏడో నంబరు కొట్టెయ్యిర్రి. నా కొడుకు బుక్కు కాలే. నేనే తొందరపడి చెప్పిన. తప్పు నాది."

అప్పుడు నేను మాట్లాడాలి. నోరు తెరిచాను. "తప్పు నాది సేఠ్. రోజుకు ఎనిమిదని బాపుకు అబద్ధం నేనే చెప్పిన. ఆయన లెక్క తప్పు గాదు." జోక్ ఏమీ తగిలించలేదు.

పరమేశ్వర్ సేఠ్ ఇద్దరినీ చూసి, పెన్ను తీసి ప్యాంప్లెట్ మీద గీత కొట్టాడు. "మంచి పని జేసినవ్ అంబదాస్. పదిహేడు ఐటమ్‌లయినయ్. జనం అన్నం దగ్గరికి ఉరుకుతరని వారం నుంచి నాకు నిద్ర లేదు. ఇంకా ఎవరన్న ఇట్ల చెప్తే బాగుండు."

వార్తలు హజీరా దాకా పోయినట్టున్నాయి. ఇంటికి వచ్చేసరికి మురళీగారి ఫోన్. "ఏమీ అనుకోకండి నిరంజన్ గారూ. ఇంజనీరింగ్‌లో చేరాక నేను తెలుగులో శుభలేఖలు తప్ప ఏమీ చదవలేదండీ. రెండువందల నలభై పేజీలనేసరికి మా ఆవిడను చదివి కథ చెప్పమన్నాను. కుదరదంది. రెండు వారాల నుంచి ఇంట్లో ఇదే గొడవండీ. మీరు నిదానంగా రాయండి. చాలా నిదానంగా."

నా నవల లేకపోవడం వల్ల ఇంతమంది సుఖపడతారని ఎప్పుడూ అనుకోలేదు.

జులై 6, ఆదివారం

వార్షికోత్సవం. బాపు కొత్త అంగీ వేసుకునే వచ్చాడు. లేత నీలం. మూడో వరసలో కూర్చున్నాం. ఆరో నంబరు పాట, తర్వాత ఎనిమిదో నంబరు డాన్స్. మధ్యలో ఎవరూ ఏమీ అడగలేదు. నేను లేని లోటు సభలో ఎక్కడా కనపడలేదు. కొంచెం కనపడితే బాగుండేది.

డాన్స్ మధ్యలో బాపు నా వైపు తిరిగాడు. "ఏడో నంబరు అయినంక తండ్రి రెండు మాటలు మాట్లాడాలె అన్నడు సేఠ్. మైకుల."

"నాకు తెల్వది బాపూ."

"మూడు వారాల సంది గదే గుబులు. గదొక్కటి తప్పింది." కుర్చీలో వెనక్కి ఆనుకుని, కాళ్లు చాపాడు.

జులై 7, సోమవారం

సచిన్ వాళ్లు రెండోసారి రమ్మన్నారు. ఏం చేస్తున్నావంటే ఏమీ లేదని చెప్పాను, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పదిహేనో తారీఖు నుంచి రమ్మన్నారు. వాసనకు వారంలో అలవాటు పడతారట.

జులై 8, మంగళవారం

పొద్దున బాపు టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ, "గా పదకొండన్నా తీస్కరా," అన్నాడు. "ఎక్కడికి?" "కార్ఖానాకు. కొత్త బీములెక్కినయ్, పోగు తెగుడు తక్కువ. ఇంట్ల టైమెక్కడిది?"

పదకొండు పేజీలు ప్రింటు తీయించి జోల్వా పోయాను. రెండు వరసల మధ్య నిలబెట్టాడు. చదవడం మొదలుపెట్టాను. గొంతు అక్కర్లేదు కాబట్టి పెదవులతోనే. వాళ్లు పని చేసుకుంటూ, పోగులు ముడేస్తూ, మధ్య మధ్య నా నోటి వైపు చూస్తున్నారు.

నా నాయకుడు శశాంక్. మొదటి పేజీలో నిద్ర లేస్తాడు, అంటే కళ్లు తెరుస్తాడు. మంచం మీద పడుకుని మానవ జీవితం గురించి ఆలోచిస్తాడు.

మూడో పేజీ అయ్యేసరికి బక్కయ్య కాక చెయ్యెత్తాడు. "లేచిండా?"

"ఇంకా లేదు కాకా."

ఆరో పేజీలో లింగం. "జ్వరమా?"

"కాదు. ఆలోచిస్తున్నడు."

"పనికి పోడా?"

"పని లేదు ఆయనకు."

లింగం ముఖం మారింది. వాళ్లలో ఎవరూ నవ్వలేదు. తొమ్మిదో పేజీలో శశాంక్ పక్కకు తిరిగి పడుకున్నాడు. పదకొండు అయిపోయింది. కాగితాలు దించాను.

బక్కయ్య కాక దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. బాపు వైపు చూపిస్తూ, ఒక్కో మాటా విడదీసి పెదవులు కదిపాడు. "సభకు నమస్కారం. నాకు మాట్లాడుడు రాదు. నా కొడుకు రాసిండు. మీరందరు సదువుర్రి." రెండు వారాలు బాపు సాంచాల మధ్య నడుస్తూ ఇదే అనుకున్నాడట. అందరికీ కంఠతా వచ్చేసింది.

బాపు అటు తిరిగి ఏదో సరిచేస్తున్నట్టు నిలబడ్డాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"ఒక్క సంగతి అడుగుత. పదకొండు పేజీలల్ల పొద్దుగాల నుంచి పండుకునే ఉన్నడు. ఇంట్ల ఎవ్వరు లేరా వానికి?"

"లేరు బాపూ. రాయలే."

"ఎందుకు రాయలే?"

సాంచాలు కొట్టుకుంటున్నాయి. నేను కాగితాలు గుండ్రంగా చుట్టాను.

"ఎవరో ఒకరు లేపుతరు గద," అన్నాడు బాపు.

జులై 9, బుధవారం

పన్నెండో పేజీ.

తలుపు తోసుకుని ఒకాయన వచ్చాడు. వయసు యాభై పైన. గుమ్మంలో నిలబడి శశాంక్ మొహం వైపు చూశాడు, ఏమైనా చెప్తాడేమోనని. వాడేమీ చెప్పలేదు. "అన్నం సల్లారుతున్నది, లే," అన్నాడు.

శశాంక్ లేచాడు.

అరపేజీ అయింది. సాయంత్రం బాపు అడిగితే అరపేజీ అనే చెప్తాను.